నార్వేలో విద్యుత్ కార్లు

కొత్తగా కారు కొనేవాళ్లలో విద్యుత్ కార్లు ఎంచుకునేవాళ్లు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఉన్న దేశం నార్వే. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో 88.9 శాతం పూర్తిగా బ్యాటరీతో నడిచేవే. అదే ఏడాది సెప్టెంబరులో దేశంలో నమోదై ఉన్న విద్యుత్ కార్ల సంఖ్య 7,54,303కు చేరి, 7,53,905గా ఉన్న పెట్రోలు కార్ల సంఖ్యను దాటేసింది. నార్వే జనాభా సుమారు 55 లక్షలు. దేశంలో చాలాచోట్ల కొండలు, చలికాలమంతా మంచు. పెద్ద కార్ల కంపెనీ ఒక్కటీ లేదు. పైగా ఉత్తర సముద్రంలోని చమురు, గ్యాసు అమ్మి సంపన్నమైన దేశం. అలాంటిచోట ఇంత మార్పు ఎలా వచ్చిందంటే, జవాబు బ్యాటరీల్లో కంటే పన్నుల పట్టికలోనే ఎక్కువగా దొరుకుతుంది.

మొదలు

1989లో బెలోనా అనే పర్యావరణ సంస్థ నాయకుడు ఫ్రెడరిక్ హౌగె, 'ఆ-హా' పాప్ బృందంలోని మోర్టెన్ హార్కెట్, మాగ్నె ఫురుహోల్మెన్‌లతో కలిసి, బ్యాటరీతో నడిచేలా మార్పించిన ఒక ఫియట్ పాండాను నార్వేకు తెచ్చారు. ఆ చిన్న కారులో టోల్ గేటు దగ్గరికి వచ్చేవారు, డబ్బు కట్టకుండా వెళ్లిపోయేవారు. పొగ వదలని బండికి టోల్ దేనికని వాళ్ల వాదన. జరిమానాల మీద జరిమానాలు పడ్డాయి. చివరికి అధికారులు కారును జప్తు చేసి వేలానికి పెడితే, వీళ్ల పక్షంవాళ్లే దాన్ని మళ్లీ పాడుకున్నారు. 'ఆ-హా' అప్పటికే దేశదేశాల్లో పేరున్న బృందం కావడంతో ఈ తగాదా పత్రికలకెక్కింది, జనం నోళ్లలో నానింది.

ప్రభుత్వం ఒక్కో అడుగే దిగివచ్చింది. కార్ల కొనుగోలు మీద వేసే భారీ పన్ను నుంచి విద్యుత్ కార్లకు 1990లో తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చి, 1996లో దాన్ని శాశ్వతం చేసింది. 1997లో టోల్ ఎత్తేసింది. 1999లో మునిసిపాలిటీల పార్కింగ్ ఉచితమైంది. 'ఈఎల్' అక్షరాలతో మొదలయ్యే ప్రత్యేక నంబరు ప్లేట్లు కూడా ఆ ఏడాదే వచ్చాయి. 2001లో వ్యాట్ పోయింది. 2005 నుంచి బస్సుల కోసం కేటాయించిన వరుసలో వెళ్లే వీలూ దక్కింది.

ఈ రాయితీల వెనక స్వదేశీ పరిశ్రమను నిలబెట్టాలన్న కోరిక కూడా ఉంది. 'థింక్' అనే నార్వే సంస్థ ప్లాస్టిక్ బాడీతో ఇద్దరు కూర్చునే కారు తయారుచేసేది. దాన్ని ఫోర్డ్ 1999లో కొని, 2003లో వదిలించుకుంది. 2011లో ఆ సంస్థ దివాలా తీసింది. మన బెంగళూరులో తయారైన 'రేవా' కూడా అప్పట్లో నార్వే రోడ్లమీద తిరిగింది. ఇన్ని మినహాయింపులున్నా, ఇలాంటి బుల్లి కార్లతో కుటుంబాలకు పని జరగలేదు. ఇరవై ఏళ్లు గడిచినా దేశం మొత్తమ్మీద విద్యుత్ కార్లు కొన్ని వేలకు మించలేదు. ఆ మినహాయింపులను ప్రభుత్వం అంతకాలం రద్దు చేయకుండా ఉంచడమే నార్వే చేసిన అసలైన మేలు. 2011లో నిస్సాన్ లీఫ్, 2013లో టెస్లా మోడల్ ఎస్ వచ్చేసరికి చట్టం సిద్ధంగా ఉంది. 2013 సెప్టెంబరులో ఆ దేశంలో అన్ని రకాల కార్లలోకీ ఎక్కువగా అమ్ముడైనది మోడల్ ఎస్.

పన్నుల లెక్క

నార్వేలో పెట్రోలు కారు కొంటే, దాని బరువును బట్టి, వదిలే కార్బన్ డయాక్సైడును బట్టి, నైట్రోజన్ ఆక్సైడ్లను బట్టి కొనుగోలు పన్ను పడుతుంది. దానితోపాటు వ్యాట్. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ పెట్రోలు కారునూ, అదే ఆకారంలోని విద్యుత్ ఈ-గోల్ఫ్‌నూ పక్కపక్కన పెడితే సంగతి తేటతెల్లమవుతుంది. దిగుమతి ధరలో ఈ-గోల్ఫే ఎక్కువగా ఉండేది. పన్నులన్నీ కలిశాక షోరూములో అదే చవకయ్యేది. కొనేవాడికి భూతాపం గురించి పట్టింపు ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, జేబు చూసుకున్న ప్రతివాడూ విద్యుత్ కారు వైపే మొగ్గాడు.

విమర్శలూ తక్కువ రాలేదు. రద్దీ వేళల్లో ఓస్లో చుట్టుపక్కల బస్సుల వరుసలు విద్యుత్ కార్లతోనే నిండిపోయి, బస్సులే ఆగిపోవాల్సి వచ్చింది. దాంతో 2015లో ఓస్లోకు పడమటి వైపున్న ఈ18 రహదారి మీద రద్దీ సమయంలో డ్రైవరుతోపాటు కనీసం ఒక ప్రయాణికుడు ఉండాలని నియమం పెట్టారు. ఆర్థికవేత్తలు బ్యార్ట్ హోల్ట్స్‌మార్క్, ఆండర్స్ స్కోన్‌హాఫ్ట్ 2014లో రాసిన వ్యాసంలో మరింత లోతైన ప్రశ్న వేశారు. ఈ రాయితీల వల్ల ఉన్నవాళ్లు రెండో కారు కొంటున్నారనీ, బస్సు, సైకిలు మానేసి కారెక్కుతున్నారనీ, ఇతర దేశాలు దీన్ని అనుసరించకూడదనీ వాళ్ల అభిప్రాయం. ఆ మాటలో నిజముంది. టోల్‌లో కొంత వాటా వసూలు చేయడం, 2023లో 5 లక్షల క్రోనర్లు దాటిన ధర మీద వ్యాట్ విధించడం ఆ విమర్శకు ఆలస్యంగానైనా ఇచ్చిన జవాబులే.

చలి సంగతికొస్తే, 2020లో నార్వే మోటారు వాహనదారుల సంఘం 20 కార్లను చలికాలపు రోడ్లమీద నడిపి చూసింది. ఒకసారి చార్జ్ చేస్తే వెళ్లే దూరం సగటున ఐదో వంతుకు కాస్త తక్కువగా పడిపోయింది. జనం దానికి అలవాటుపడిపోయారు.

కరెంటు, చమురు, కోర్టులు

విద్యుత్ కారు ఎంత శుభ్రమన్నది కరెంటు ఎక్కడినుంచి వస్తుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. నార్వే కరెంటులో దాదాపు పదో వంతు గాలిమరలది, మిగిలినదంతా దాదాపు జలవిద్యుత్తే. అందుకే కారు మారిస్తే ఉద్గారాలు సూటిగా తగ్గుతాయి. కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచి వచ్చే మన దేశంలో ఈ ప్రయోజనం ఇంకా అంత పూర్తిగా అందదు.

అయితే స్వచ్ఛమైన కరెంటుకూ మూల్యం ఉంది. ఫోసెన్ ద్వీపకల్పంలోని గాలిమరల అనుమతులు, రెయిన్‌డీర్లు మేపుకొనే సామీ ఆదివాసుల హక్కులను ఉల్లంఘించాయని 2021 అక్టోబరులో నార్వే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చాక కూడా 151 మరలు ఆగలేదు. 2023లో సామీ యువత ఓస్లోలో ఇంధన శాఖ కార్యాలయాన్ని దిగ్బంధించింది. పర్యావరణ ఉద్యమకారిణి గ్రెటా థున్‌బర్గ్ వాళ్ల పక్కన కూర్చుంది. పశువుల కాపరుల కుటుంబాలతో ఒప్పందాలు ఆ తర్వాతే కుదిరాయి.

అన్నిటికంటే పెద్ద వివాదం చమురుది. ఉద్గారాలను ఇంధనం కాల్చిన దేశం ఖాతాలోనే లెక్కగడతారు. కాబట్టి నార్వే అమ్మిన చమురు పొగ కొనుక్కున్న దేశాల పద్దులో పడుతుంది. 2019లో ఉత్పత్తి మొదలైన యోహాన్ స్వెర్‌డ్రుప్ చమురు క్షేత్రానికి ఒడ్డునుంచే కరెంటు లాగారు. అక్కడ చమురు తోడేది స్వచ్ఛ విద్యుత్తుతోనే. బారెంట్స్ సముద్రంలో తవ్వకాల లైసెన్సులపై పర్యావరణ సంస్థలు వేసిన దావాను సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో కొట్టేసింది. 2024 జనవరిలో మాత్రం ఓస్లో జిల్లా కోర్టు, చమురు కాల్చినప్పుడు వెలువడే ఉద్గారాలను అంచనా వేయలేదన్న కారణంతో మూడు క్షేత్రాల అనుమతులు చెల్లవంది. ప్రభుత్వం దానిపై అప్పీలుకు వెళ్లింది. కార్ల విజయాన్ని చూపి ఈ చమురు ప్రశ్నను పక్కన పెట్టడం సరికాదు. అలాగని చమురును చూపి, కార్ల విషయంలో సాధించినదాన్ని కొట్టిపారేయడమూ అన్యాయమే.

మార్పు కార్లతో ఆగలేదు. సోగ్నెఫియోర్డ్‌లో లావిక్, ఒప్పెడాల్ మధ్య 2015లో మొదలైన 'ఆంపియర్', పూర్తిగా బ్యాటరీతో నడిచే ప్రపంచపు తొలి కార్ల ఫెర్రీ. బరువైన లారీల దగ్గర మాత్రం డీజిలుదే ఇంకా పైచేయి. కార్లలోనూ డీజిలు పూర్తిగా పోలేదు. పెట్రోలు కార్లను విద్యుత్ కార్లు దాటేసిన ఆ 2024 సెప్టెంబరులో కూడా దేశంలో దాదాపు 10 లక్షల డీజిల్ కార్లు నమోదై ఉన్నాయి.