వెంట్రుకంత కోణం: మేసర్లతో పాలపుంతను కొలవడం

నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పటం మీద రూళ్లకర్ర పెట్టి గీత గీస్తే ఇంచుమించు 40 కిలోమీటర్లు వస్తుంది. బస్సు తిరిగే దారి అంతకంటే ఎక్కువ. ఉదయగిరి దుర్గం మీద ఎవరో ఒక ముతక తలవెంట్రుకను అడ్డంగా పట్టుకున్నారనుకుందాం. దాని మందం మిల్లీమీటరులో పదో వంతు. ఆత్మకూరులో నిలబడి చూసేవారి కంటి దగ్గర ఆ మందం చేసే కోణమెంత? డిగ్రీని 70 లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఈ పోలిక నాకే నమ్మశక్యంగా లేక లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాను. శర్మిష్ఠ నక్షత్రమండలం దిక్కున డబ్ల్యూ-3 ఓహెచ్ అనే చోట కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల అది ఏడాదిలో ఆకాశంలో అటూ ఇటూ ఊగినట్టు కనిపిస్తుంది. ఆ ఊగులో సగం దాదాపు ఈ వెంట్రుకంత. 2006లో రెండు పరిశోధక బృందాలు దాన్ని కొలిచి ప్రచురించాయి.

ఆ కొలత అవసరం ఎందుకు వచ్చిందంటే, అంతకుముందు డబ్ల్యూ-3 ఓహెచ్ ఎంత దూరంలో ఉందో తేలలేదు. అక్కడి వాయువు మనవైపు వచ్చే వేగాన్ని బట్టి, పాలపుంత తిరుగుడు నమూనాతో లెక్కిస్తే సుమారు 14 వేల కాంతి సంవత్సరాలు వచ్చేది. ఆ చుట్టుపక్కల పెద్ద నక్షత్రాల వెలుగును బట్టి అంచనా వేస్తే 7 వేలు. ఒకటి మరొకదానికి రెట్టింపు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగింతలవుతుంది, నక్షత్రం బరువు మారిపోతుంది, అది ఉన్న సర్పిల భుజం గీత కూడా మారిపోతుంది. రెండు పద్ధతులకూ సమర్థకులున్నారు, రెండింటి వెనకా ఊహలున్నాయి. మొదటిదాని ఊహ ఏమిటంటే, ఆ వాయువు పాలపుంత కేంద్రం చుట్టూ చక్కని వృత్తంలో తిరుగుతోందని. రెండో పద్ధతి, దారిలో ఉన్న ధూళి నక్షత్రం వెలుగును ఎంత మింగిందో మనకు తెలుసనుకుంటుంది. ఏ ఊహా అక్కరలేని కొలత కావాలంటే దృష్టిభేదం ఒక్కటే దారి. నడుస్తుంటే దగ్గరి తాటిచెట్టు వెనకున్న కొండ మీద జరిగినట్టు కనిపిస్తుంది కదా, అదే. మన నడక ఇక్కడ భూమి కక్ష్య, వెనక కొండలు కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్న క్వాసార్లు.

కానీ ధూళిమేఘం లోపలున్న నక్షత్రం కంటికి కనబడదు. కనబడేవి మేసర్లు. నీరు, మిథనాల్, హైడ్రాక్సిల్, సిలికాన్ మోనాక్సైడ్ వంటి అణువులు మామూలుగా తక్కువ శక్తి స్థాయిలోనే ఎక్కువగా ఉంటాయి. చుట్టూ ఉన్న వేడి, ఢీకొట్టుళ్లు ఈ లెక్కను తలకిందులు చేసి పై స్థాయిలో ఎక్కువ అణువులను నిలబెడితే, ఆ దారిన పోయే రేడియో తరంగం ఒక్కో అణువునూ కదిలించి తన జతకు ఇంకో తరంగాన్ని చేర్చుకుంటూ పోతుంది. ఛార్లెస్ టౌన్స్ బృందం 1954లో ప్రయోగశాలలో చేసి చూపింది దీన్నే. ఆయనకు 1964లో నోబెల్ వచ్చింది. మరుసటి ఏడాది బెర్క్‌లీ ఖగోళవేత్తలు ఆకాశంలో హైడ్రాక్సిల్ గీతలు అర్థంకానంత సన్నగా, అర్థంకానంత ప్రకాశంగా ఉండటం చూసి, మూలం తెలియక దానికి ‘మిస్టీరియం’ అని పేరు పెట్టారు. అది ప్రకృతి సొంతంగా నడుపుతున్న మేసర్ అని తరవాత తేలింది. 22.2 గిగాహెర్ట్జ్ దగ్గర నీటి సంకేతాన్ని పట్టుకుని 1969లో ప్రచురించినవారిలో టౌన్స్ స్వయంగా ఉన్నారు. మిథనాల్ బలమైన గీత, 6.7 గిగాహెర్ట్జ్‌ది, 1991లో కార్ల్ మెంటెన్ కనుగొన్నది.

ఒక్కో మేసర్ చుక్క పరిమాణం సుమారుగా భూమికీ సూర్యుడికీ మధ్య దూరమంత. ఇంత చిన్న చోటు నుంచి అంత ప్రకాశం వస్తుంది కాబట్టే దూరదూరంగా ఉన్న టెలిస్కోపులను జతచేసి దాన్ని చూడగలుగుతున్నాం. జతచేయడమంటే తీగ లాగి కలపడం కాదు. ప్రతి కేంద్రంలోనూ ఒక అణుగడియారం ఉంటుంది. అదీ హైడ్రోజన్ మేసరే. వచ్చిన తరంగాలను ఆ గడియారం కాలంతో సహా రికార్డు చేసి, ఒకచోట చేర్చి, కంప్యూటరులో సరిపోల్చుతారు. ఒక్కో కేంద్రానికి తరంగం ఎంత ముందో వెనకో చేరిందన్న తేడాలోనే కోణం దాగి ఉంటుంది. ఈ పద్ధతి 1967 నుంచి ఉంది.

ఉదయగిరిలో ఒక పళ్లెం, ఆత్మకూరులో ఒక పళ్లెం పెట్టి నీటి మేసర్‌ను చూస్తే ఎంత సూక్ష్మంగా కనిపిస్తుంది? అలాంటి టెలిస్కోపులు అక్కడ లేవు, ఇది లెక్క కోసమే. తరంగదైర్ఘ్యం 1.35 సెంటీమీటర్లు, మధ్య దూరం 40 కిలోమీటర్లు. భాగిస్తే 70 మిల్లీ ఆర్క్‌సెకండ్లు వస్తాయి (డిగ్రీలో 36 లక్షల వంతు ఒక మిల్లీ ఆర్క్‌సెకండ్). పుణె దగ్గరి జీఎంఆర్‌టీలో 30 పళ్లేలు పరుచుకున్న విస్తీర్ణం 25 కిలోమీటర్లు, అంటే ఈ రెండు ఊళ్ల ఎడం కంటే తక్కువే. పైగా దాని పరిధి 1450 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, 1612 నుంచి 1720 వరకున్న హైడ్రాక్సిల్ మేసర్ గీతలు కూడా దానికి అందవు. హవాయి నుంచి కరీబియన్ దీవుల దాకా 10 పళ్లేలున్న అమెరికా వీఎల్‌బీఏలో గరిష్ఠ ఎడం 8,611 కిలోమీటర్లు. దాని సూక్ష్మత 0.3 మిల్లీ ఆర్క్‌సెకండ్లు. కొలవాల్సిన సగం ఊగేమో అర మిల్లీ ఆర్క్‌సెకండ్, అందులో రెండు శాతం కచ్చితత్వం కావాలి. విడదీసి చూసే శక్తి, స్థానాన్ని గుర్తించే శక్తి ఒకటి కాదు కాబట్టే అది కుదురుతుంది. సంకేతం బలంగా ఉంటే చుక్క నడిమిని దాని మసక వెడల్పులో ముప్పయ్యో వంతుకు కూడా పట్టవచ్చు.

ఇక ఆ రెండు కొలతలు. షూ యే, మార్క్ రీడ్ తదితరులు 12 గిగాహెర్ట్జ్ మిథనాల్ మేసర్లతో 1.95 కిలోపార్సెక్కులు అన్నారు, దోషం 0.04. అంటే దాదాపు 6,360 కాంతి సంవత్సరాలు, 130 అటూ ఇటూ. హచిసుకా బృందం నీటి మేసర్లతో 2.04 అంది, దోషం 0.07. తేడా 0.09, రెండు దోషాలూ కలిపిన దోషం 0.08. కాబట్టి రెండూ ఒకే మాట చెబుతున్నాయనడం సబబే. 14 వేల కాంతి సంవత్సరాల అంచనా నిలవదు.

నన్ను ఒప్పించేది ఏ ఒక్క అంకె కచ్చితత్వమూ కాదు. రెండు బృందాలూ వాడిన పరికరం ఒకటే, వీఎల్‌బీఏ. ఉమ్మడి దోషం ఉండే అవకాశాన్ని అది పూర్తిగా కొట్టివేయదు. కానీ తప్పు దొర్లే దారులు వేరు. మిథనాల్ మేసర్లు నెమ్మదిగా కదులుతాయి. నీటి మేసర్లు పుడుతున్న నక్షత్రం నుంచి ఎగజిమ్మే ధారల్లో సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో కొట్టుకుపోతాయి, కొన్ని నెలల్లో ఆరిపోతాయి. 12 గిగాహెర్ట్జ్ దగ్గర అయనావరణం చేసే ఆలస్యం 22 దగ్గర చేసేదానికి మూడింతల పైన. ఇన్ని తేడాలున్నా దూరం ఒకటే వచ్చింది. అంతేకాదు, పాత పద్ధతి ఎందుకు తప్పిందో కూడా ఈ కొలతలోనే దొరికింది. చుక్కల కదలికను బట్టి డబ్ల్యూ-3 ఓహెచ్ చక్కని వృత్తంలో తిరగడం లేదు. సెకనుకు సుమారు 22 కిలోమీటర్ల వేగంతో, ఎక్కువ భాగం పాలపుంత కేంద్రం వైపు, దారి తప్పుతోంది. వృత్తమనే ఊహ విరిగింది అక్కడ.

ఈ పనికి పెద్ద అడ్డంకి మన నెత్తిమీదే ఉంది. నీటి మేసర్ తరంగం వేల ఏళ్లు ప్రయాణించి వచ్చి, చివరి కొన్ని కిలోమీటర్లలో భూమి గాలిలోని నీటి ఆవిరికి చిక్కుతుంది. తేమ ఎక్కువగా ఉన్న రోజు నెత్తిమీది నుంచి దిగే తరంగానికి ఆవిరి వల్ల అదనపు దారి 30 సెంటీమీటర్లు దాటవచ్చు, అది నిమిషనిమిషానికీ మారుతుంది. తరంగదైర్ఘ్యం 1.35 సెంటీమీటర్లే కదా! ఈశాన్య రుతుపవనాల కాలంలో సోమశిల జలాశయం మీద మబ్బు కమ్మిన సాయంత్రాన్ని తలచుకుంటే ఇబ్బంది అర్థమవుతుంది. అందుకే మేసర్‌నూ పక్కనే ఉన్న క్వాసార్‌నూ మార్చిమార్చి చూసి, క్వాసార్ ఎంత చలించినట్టు కనిపిస్తే అంత తీసేస్తారు. జపాన్ వేరా జాలంలోని నాలుగు 20 మీటర్ల పళ్లేలు రెండింటినీ ఒకేసారి చూసేట్టు కట్టినవి.

దోషం తగ్గుతూ వచ్చిన క్రమం ఓరియన్ నీహారికలో స్పష్టంగా కనిపిస్తుంది. 1981లో గెంజెల్ బృందం నీటి మేసర్ల కదలికల గణాంకాలతో 480 పార్సెక్కులు అంది, దోషం 80. వేరా దృష్టిభేదంతో 2007లో 437 (దోషం 19), 2008లో సిలికాన్ మోనాక్సైడ్ మేసర్లతో 418 (దోషం 6) వచ్చాయి. 1981 నాటివారు తమ దోషాన్ని నిజాయితీగా రాసుకున్నారు కాబట్టే వారి అంకె ఇవాళ్టికీ తప్పు కాలేదు.

పాలపుంత మొత్తానికి వస్తే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 2019లో రీడ్ తదితరులు సుమారు 200 మేసర్ మూలాల దృష్టిభేదాలను కూర్చి, కేంద్రం నుంచి మన దూరం 8.15 కిలోపార్సెక్కులు, ఆ చోట తిరుగుడు వేగం సెకనుకు 236 కిలోమీటర్లు అన్నారు. 1985 నుంచి అందరూ వాడిన 8.5, 220 రెండూ మారాయి. 2020లో వేరా బృందం 7.92 అంది, కానీ క్రమదోషం 0.3 దాకా ఉండవచ్చని చేర్చింది. ఆ పరిధిలో ఇవి ఢీకొనవు. కేంద్రంలోని కృష్ణబిలం చుట్టూ తిరిగే నక్షత్రాన్ని పరారుణ కాంతిలో చూసిన గ్రావిటీ బృందానికి వచ్చింది 8.18. మేసర్లతో సంబంధం లేని దారి కాబట్టి ఈ సాక్ష్యానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. 2017లో అల్బెర్టో సన్నా బృందం పాలపుంత అవతలి వైపున్న ఒక మూలాన్ని కొలిచింది. సగం ఊగు 0.049 మిల్లీ ఆర్క్‌సెకండ్లు, అంటే మన వెంట్రుకలో పదో వంతు, దూరం 66 వేల కాంతి సంవత్సరాలు. దోషం ఎనిమిదో వంతు ఉన్నప్పుడు కోణాన్ని తిరగేసి దూరం చెబితే పైకి ఎక్కువ, కిందికి తక్కువ సాగుతుంది. ఆ అంకెను అలాగే చదవాలి.

మన పాలపుంత బయట కూడా మేసర్లను ఇలా చూసే పద్ధతి పనిచేస్తుంది. ఎన్‌జీసీ 4258 గెలాక్సీ నడుమ నీటి మేసర్లు ఒక పలుచని పళ్లెంలా తిరుగుతున్నాయని 1995లో మియోషి బృందం వీఎల్‌బీఏతో చూపింది. సూర్యుడికి దాదాపు నాలుగు కోట్ల రెట్లు బరువున్న కృష్ణబిలం అక్కడ ఉందనడానికి అంత శుభ్రమైన సాక్ష్యం అప్పటికి లేదు.

ఖాళీ మిగిలింది దక్షిణాకాశంలో. వీఎల్‌బీఏలో ఉత్తరాన ఉన్న పళ్లెం 48 డిగ్రీల అక్షాంశంలో ఉంది. అక్కడ పాలపుంత కేంద్రం దిక్చక్రానికి 13 డిగ్రీలకు మించి లేవదు, తరంగం నాలుగు రెట్లకు పైగా మందమైన గాలిని దాటి రావాలి. రేఖాంశంలో మనకు దగ్గరగా ఉన్న చైనా ఉరుంచి కేంద్రం అక్షాంశం 43, పాలపుంత కేంద్రం అక్కడ 17 డిగ్రీల దాకా లేస్తుంది. ఉదయగిరి ఉన్న 14.9 డిగ్రీల దగ్గర అది 46 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఉత్తర జాలాలకు అసలే అందని, మైనస్ 60 డిగ్రీల దగ్గరి సర్పిల భుజాలు కూడా 15 డిగ్రీలు పైకి లేస్తాయి. ఆ భాగాన్ని ఇప్పుడు టాస్మానియా విశ్వవిద్యాలయం ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ పళ్లేలతో కొలుస్తోంది.

మన దగ్గర పళ్లెం పెట్టాలంటే అక్షాంశం ఒక్కటే చాలదు. భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన నేల మీద అయనావరణం దట్టంగానూ చంచలంగానూ ఉంటుంది. సూర్యాస్తమయం తరవాత అందులో పుట్టే బుడగలను తిరుపతి దగ్గర గాదంకిలో 1,024 యాగీ యాంటెనాలున్న 53 మెగాహెర్ట్జ్ రాడార్‌తో శాస్త్రవేత్తలు అధ్యయనం చేస్తున్నారు. ఆలస్యం పౌనఃపున్యం వర్గానికి విలోమంగా ఉంటుంది కాబట్టి 6.7 గిగాహెర్ట్జ్ మిథనాల్ మీద దాని దెబ్బ 22 గిగాహెర్ట్జ్ నీటి మీద కంటే 11 రెట్లు. నీటి గీతకు అయనావరణం బెడద తక్కువ, కానీ మా గాలిలో తేమ ఎక్కువ. మెట్ట ప్రాంతంలో మాఘ, ఫాల్గుణాల పొడి రాత్రులు దానికి అనువుగా ఉండవచ్చు. ఉంటాయో లేదో తేల్చడానికి ముందు పళ్లెం అక్కరలేదు, ఆవిరిని కొలిచే ఒక జీపీఎస్ రిసీవరు రెండు మూడేళ్లు పనిచేస్తే చాలు.