మనుష్యప్రాణమునకు పరిహారము



నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాఁడను. కావ్యములును ధర్మశాస్త్రములును గురుముఖమున చదివికొంటినే కాని, నేను న్యాయవాదిని కాను. అయినను నేఁడు చట్టముల చరిత్రను గుఱించి ప్రసంగింప సాహసించుటకు ఒక కారణము కలదు. దానిని మొదటనే మనవి చేసికొందును.

ఇంచుమించు ఇరువదియేండ్ల క్రిందట మా గ్రామమున, నాయొద్ద చదువుకొన్న యొక యువకుఁడు వేకువజామున పొలమునకు నీరు కట్టఁబోయి, గట్టుమీఁదికి జాఱి వ్రేలాడుచున్న కరెంటు తీఁగ తగిలి మరణించెను. ఆ తీఁగ జాఱినదని ఊరివారు మూఁడు దినములుగా చెప్పుచునే యుండిరి, వినినవారు లేరు. మఱునాఁటి సాయంకాలము రావిచెట్టు క్రింద పెద్దలము కూడితిమి. బాధ్యుల తరఫున వచ్చిన మధ్యవర్తి నలువదివేల రూపాయలు ఇప్పించెదననెను. “పోయిన ప్రాణము రాదు, వచ్చినదానిని కాదనకుము” అని ఆ యువకుని భార్యకు చెప్పినవారిలో నేనొకఁడను. ఆమె కాగితముపై వ్రేలిముద్ర వేసెను. ఆ కాగితము వ్రాసిన చేయి నాది. ఇఁక నెవరిమీఁదను ఏ దావాయు లేదని అందు వ్రాసితిని. అది ధర్మమా కాదా యని విచారింప నాకు చాలకాలము పట్టినది.

ఒకని యపరాధముచే వేఱొకఁడు మరణించినచో, చనిపోయినవాని యింటివారికి ఏమైన చెందవలెనా? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనము. తెలుఁగుదేశమున అనేక కుటుంబములకు సూత్రకారుఁడైన ఆపస్తంబుఁడు తన ధర్మసూత్రములలో, క్షత్రియుని చంపినవాఁడు వైరము తీఱుటకై వేయి గోవుల నీయవలెననియు, వైశ్యునకు నూఱు, శూద్రునకు పది యనియు విధించెను. ఆ గోవులు రాజునకు చెందవలెనని బౌధాయనుని మతము. ప్రాణము పోయినచో ఇచ్చుకొనవలసిన దొకటి కలదని మన పూర్వు లెఱుఁగుదురని దీనివలన తేలుచున్నది. కాని ప్రాణముయొక్క వెల వర్ణమునుబట్టి మాఱెననియు తేలుచున్నది. రెండవదానిని దాఁచి మొదటిదానినే పొగడుట చదువుకొన్నవానికి తగదు.

మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున బండి ప్రమాదముల విచారణ కలదు. ముకుత్రాడు తెగినను, కాడి విఱిగినను, ఇరుసు విఱిగినను తోలువానికి దండము లేదు. తోలువాని నేర్పులేమిచే కీడు మూడినచో యజమానునకే దండము. తోలువాఁడు నేర్పరియైయుండి యేమఱినచో వానికే దండము. నేర్పులేనివానికి పగ్గముల నిచ్చిన యజమానుఁడు తప్పించుకొనరాదను న్యాయ మిందు స్పష్టము. గాయపడినవాని చికిత్సకగు వ్యయము నిప్పింపవలెనని కూడ ఆ యధ్యాయముననే కలదు. కౌటిల్యుఁడు వైద్యుని పొరపాటుచే రోగి మరణించినచో వైద్యునకు దండము విధించెను. అయితే ఈ దండము రాజుగారి బొక్కసమునకు పోవునదే కాని, చనిపోయినవాని పిల్లల కంచములోనికి వచ్చునది కాదు.

ఇఁక ఆంగ్లదేశపు న్యాయము చూడుఁడు. 1808 సంవత్సరమున గుఱ్ఱపుబండి బోల్తాపడి యొకని భార్య గాయపడి, కొన్నాళ్లకు మరణించెను. మగఁడు వ్యాజ్యము వేసెను. ఎలెన్‌బరో ప్రభువు, మనుష్యుని మరణము సివిలు కోర్టులో నష్టముగా చెప్పికొనఁదగినది కాదని నిర్ణయించెను. ఆమె బ్రదికియున్న దినములకు మాత్రమే మగనికి పరిహారము దక్కినది. ఈ న్యాయము ననుసరించి, ఒకని కాలు విఱుగఁగొట్టుటకంటె వానిని చంపివేయుటయే చౌకయైనది! పొగబండ్లు వచ్చి మరణములు పెరుఁగఁగా ఈ వైపరీత్యము లోకమునకు తెలిసినది. 1846లో కాంబెల్ ప్రభువు ప్రయత్నమున చట్టము వచ్చి, మృతుని కుటుంబమునకు పరిహారము కోరు హక్కు కలిగినది.

మన దేశమున 1853లో బొంబాయినుండి ఠాణాకు తొలి ప్రయాణికుల పొగబండి నడచెను. రెండేండ్లకే, 1855లో, ఆ కాంబెల్ చట్టమును పోలిన 13వ చట్టము ఇక్కడను వచ్చినది. దానిని ప్రాణాంతక ప్రమాదముల చట్టమందురు. అది నేఁటికిని అమలులో నున్నది. ఒకని యన్యాయపు చేఁతచే కాని, అశ్రద్ధచే కాని, చేయవలసినది చేయకపోవుటచే కాని మరణము సంభవించినచో, మృతుని భార్య, భర్త, తలిదండ్రులు, బిడ్డలు, వీరి నిమిత్తమై సివిలు కోర్టులో దావా వేయవచ్చును. గడువు మరణదినమునుండి రెండేండ్లు. నేను కాగితము వ్రాసిన నాఁటికి ఆ చట్టమునకు నూటయేఁబది యేండ్లు. దాని పేరైనను నేను వినియుండలేదు.

ప్రభుత్వముమీఁద దావా నిలుచునా యని మీరడుగవచ్చును. 1964లో సుప్రీం కోర్టు, పోలీసులు స్వాధీనపఱచుకొన్న బంగారము పోయిన వ్యాజ్యమున, ప్రభుత్వాధికారముతో చేసిన పనికి పరిహారము లేదని తీర్పు చెప్పెను. ఈ డాలును పగులఁగొట్టినవానిలో మన రాయలసీమ వ్యాజ్య మొకటి. 1977 మే నెలలో కోయిలకుంట్ల సబ్‌జైలులో నున్న యొక నిర్బంధితుని గదిలోనికి దుండగులు రాత్రివేళ బాంబులు విసరిరి. ఆయన కర్నూలు ఆసుపత్రిలో మరణించెను. తమ ప్రాణమునకు భయమున్నదని ముందే చెప్పికొన్నను కాపలా చాలినంత లేకుండెను. కుటుంబమువారు దావా వేయఁగా క్రింది కోర్టు గడువు మీఱినదని కొట్టివేసెను. హైకోర్టు గడువు మీఱలేదని నిర్ణయించి, 1,44,000 రూపాయలును వడ్డీయు ఇప్పించెను. 2000 సంవత్సరమున సుప్రీం కోర్టు దానిని స్థిరపఱచి, చెఱలో నున్నవానికిని జీవించు హక్కు కలదనియు, దానిని కాపాడనిచో ప్రభుత్వము పాత డాలు చాటున దాగరాదనియు చెప్పెను. అంతకు పూర్వమే 1993లో, పోలీసుల నిర్బంధములో కొడుకును పోఁగొట్టుకొన్న యొక యొడిశా తల్లి వ్రాసిన యుత్తరమునే అర్జీగా గ్రహించి, ఆ కోర్టు ఆమెకు లక్షయేఁబదివేల రూపాయలు ఇప్పించెను.

ఇఁక కరెంటు తీఁగ మాట. 2002లో సుప్రీం కోర్టుకు మధ్యప్రదేశమునుండి యొక వ్యాజ్యము వచ్చినది. రాత్రివేళ సైకిలుపై పోవుచున్న యొకఁడు దారిలో తెగిపడిన తీఁగ తగిలి మరణించెను. ఎవరో దొంగతనముగా కరెంటు లాగుకొనుటచే తీఁగ తెగినదని విద్యుత్ బోర్డువారు వాదించిరి. అపాయకరమైన వస్తువును నడపువాఁడు, తనవలన అశ్రద్ధ లేదని చూపినను, దానివలని నష్టమునకు ఉత్తరవాది యగునని కోర్టు నిర్ణయించెను. ఆ కుటుంబమునకు దక్కినది 4,34,000 రూపాయలు. నేను నలువదివేలకు కాగితము వ్రాయునాఁటికే ఈ తీర్పు దేశమున నున్నది.

వేఱు మార్గములును కలవు. పనిలో మరణించిన కూలివాని కుటుంబమునకు, యజమానుని తప్పు రుజువు చేయ నక్కఱలేకయే, 1923 చట్టము పరిహారము కల్పించెను. ఆ నియమములు 2020 సామాజిక భద్రతా స్మృతిలోనికి గ్రహింపఁబడినవి. వైద్యమునకు సొమ్ము పుచ్చుకొను ఆసుపత్రుల యశ్రద్ధ వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని 1995లో సుప్రీం కోర్టు తేల్చెను. అందును గడువు రెండేండ్లు. మోటారు ప్రమాదములకు 1956 సవరణతో ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడినవి. అచ్చట కోరుటకు 2019 సవరణ ఆఱు నెలల గడువు పెట్టినది కనుక ఆలస్యము కూడదు.

ట్రిబ్యునలు లెక్క యెట్లుండునో వినుఁడు. 34 యేండ్లవాఁడు, స్వంతపనిచే నెలకు 12,000 సంపాదించువాఁడు, నలుగురిని పోషించువాఁడు మరణించెననుకొందము. మున్ముందు సంపాదన పెరుఁగును గనుక నూటికి నలువది చేర్చఁగా 16,800. తనకై వాడుకొను నాలవవంతు తీసివేయఁగా 12,600. ఏఁటికి 1,51,200. ఆ వయస్సునకు 16 చేత గుణింపఁగా 24,19,200 రూపాయలు. 2009లోను, 2017లోను సుప్రీం కోర్టు స్థిరపఱచిన లెక్క ఇది. ఇందు కులము లేదు. ఆపస్తంబుని గోవుల లెక్కకును దీనికిని గల భేదమును మీరే గ్రహింపుఁడు.

క్రిమినలు కేసు వేఱు, పరిహారము వేఱు. అశ్రద్ధచే చంపుట నేరమని 1870లో శిక్షాస్మృతికి చేర్చిన నియమము, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 106వ విభాగము. అది పెద్దమనుష్యుల రాజీతో మాసిపోవు నేరము కాదు. రచ్చబండ యొద్ద “కేసు లేకుండ చేసెదము” అని చెప్పువాని మాట నమ్మరాదు.

కాఁబట్టి పెద్దలారా, అట్టి మరణము సంభవించినపుడు నాలుగు పనులు చేయింపుఁడు. మొదటిది, పోలీసులకు తెలిపి పంచనామాయు పోస్టుమార్టమును జరిపించి, నకళ్లు తీసికొనుఁడు. రెండవది, చూచినవారి పేర్లును, ఫొటోలును భద్రపఱపుఁడు. మూఁడవది, దినవారము లయ్యెడిదాఁక ఏ కాగితముమీఁదను వ్రేలిముద్ర వేయనీయకుఁడు. నాలవది, కోర్టునొద్ద నుండు న్యాయసేవల సంస్థకు వారిని పంపుఁడు. 1987 చట్టము ప్రకారము స్త్రీలకును పిల్లలకును, వారి రాఁబడి యెంతయైనను, ఉచితముగా న్యాయవాది నిత్తురు.

గత సంవత్సరము ఆ యువకుని భార్యకు ఈ సంగతులన్నియు చెప్పి క్షమింపుమంటిని. “మీకు తెలియదు గదా, అయ్యవారూ” అని ఆమె యనెను. తెలియనిమాట నిజమే. తెలియనివాఁడు కాగితము వ్రాయుటకు కూర్చుండరాదు. ఈ మాట మీకు చెప్పుటకే నేఁడు వచ్చితిని.