మందు పేరు, మందు ధర

శాసనాలను, తాళపత్రాలను శ్రద్ధగా చదివే మన సాహిత్యకులం గెజెట్ జోలికి పోము. ఒక మాటకిచ్చిన నిర్వచనం మనుషుల బతుకుల మీద ఎంత పనిచేస్తుందో చూడాలంటే భారత ప్రభుత్వ ఔషధ ధరల ఉత్తర్వులు చదవాలి. బీపీకి అమ్మ వాడే మాత్రల ఖర్చే నన్ను వాటి దగ్గరికి నడిపింది.

1962లో, చైనా యుద్ధ కాలంలో, మందుల ధరలు ప్రకటించాలన్న ఉత్తర్వు వచ్చింది. మరుసటి ఏడు ధరల్ని 1963 ఏప్రిల్ 1 నాటి స్థాయిలో నిలిపివేశారు. 1970 ఉత్తర్వు నిత్యావసర సరుకుల చట్టం కిందికి వచ్చింది. అమ్మకాలపై లాభం 15 శాతం మించరాదన్నది అందులోని నియమం. మొత్తం లెక్క సరిపోతే చాలు, ఏ మందుపై ఎంత గుంజాలన్నది కంపెనీ చిత్తం. 1975లో హాథీ సంఘం బ్రాండు పేర్లను క్రమంగా ఎత్తివేయమంది. ధర పలికేది మందు కాదు, పేరు అని ఆ సంఘానికి తెలుసు. ఆ సిఫారసు కాగితం మీదే మిగిలింది.

అసలు కథ 1979 ఉత్తర్వుతో మొదలవుతుంది. 347 ముడి మందులను అదుపులోకి తెచ్చి, వాటితో తయారయ్యే మందులను వర్గాలుగా విడదీశారు. ప్రాణాధారమైన వాటికి ఉత్పత్తి ఖర్చుపై 40 శాతం, తర్వాతి వాటికి 55, మూడో వర్గానికి 100 శాతం అదనం. మిగతా వాటికి హద్దు లేదు. రోగికి ఎంత అవసరమైతే లాభం అంత తక్కువ కావాలన్న ఈ ఊహ ఉదాత్తమైనదే. కాని కంపెనీలు హద్దులేని వర్గం వైపు మొగ్గాయి. ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. ఉత్తర్వును పాటించడమే దాన్నుంచి తప్పించుకునే దారి అయింది.

ప్రభుత్వం నిర్ణయించిన ధరలపై కంపెనీలు హైకోర్టుకెక్కి గెలిచాయి. తమ వాదన వినకుండా ధర కట్టడం సహజ న్యాయానికి విరుద్ధమన్నాయి. 1987లో సైనమిడ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తిరగగొట్టింది. ధర నిర్ణయించడం శాసన స్వభావం గల పని, ఒక్కొక్కరినీ పిలిచి విననక్కర్లేదంది. తీర్పు రాసింది మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ప్రాణరక్షక మందుల్లో కొల్లగొట్టడం పైశాచికమన్న అర్థంలో ఆ తీర్పు మొదలవుతుంది. న్యాయభాషలో అంతటి ఆగ్రహం అరుదు. విచిత్రమేమిటంటే, అదే 1987లో వచ్చిన కొత్త ఉత్తర్వు జాబితాను 140 పైచిలుకుకు కుదించింది. 1995లో అది 70 పైచిలుకుకు దిగింది.

2013 ఉత్తర్వు ఉత్పత్తి ఖర్చునే పక్కన పెట్టేసింది. బజారులో ఒక శాతానికి తగ్గకుండా వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దుకాణదారుకు 16 శాతం కలిపితే అదే గరిష్ఠ ధర. తూకం వేయవలసిన సరుకునే తూకపురాయి చేశారని నాకనిపిస్తుంది. జాబితాలోని మందుకు మరొకటి కలిపితే అది ‘కొత్త మందు’, ముందుగా ధర అనుమతి పొందాలి. మంచి కట్టుబాటే. కాని నిర్వచనం చదవండి: అది ఆ జాబితా మందును అప్పటికే తయారుచేస్తున్న సంస్థకే వర్తిస్తుంది.

అమ్మ మాత్రలో టెల్మిసార్టన్, అమ్లోడిపిన్ కలిసి ఉంటాయి. 2022 జాతీయ ఆవశ్యక మందుల పట్టికలో ఆ రెండూ విడివిడిగా ఉన్నాయి, కలిపిన మాత్ర లేదు. అది తయారుచేసిన కంపెనీ అనుమతి తీసుకోవలసిన వారిలో ఉందో లేదో మాత్రల రేకు మీద ముద్రించరు. ధర మాత్రం ఉంటుంది, అన్ని పన్నులతో కలిపి.