ఒక్క సాయంత్రంలో భాగ్యనగర దర్శనం
గైడు వెంట ఉంటే చూసేది కొద్దైనా తెలిసేది ఎక్కువ. బయలుదేరే ముందు గమనించాల్సిన విషయాలు

జిల్లాల నుంచి హైదరాబాద్‌కు నిత్యం వేలమంది వెళ్లి వస్తుంటారు. ఆసుపత్రి పని మీద కొందరు, కోర్టు వాయిదాకు కొందరు, పోటీ పరీక్షలు రాసేందుకు మరికొందరు వెళ్తారు. వీరిలో చాలామందికి నగరమంటే బస్‌స్టేషన్, ఆటో, పని ఉన్న కార్యాలయం, మళ్లీ బస్‌స్టేషన్ మాత్రమే. మధ్యాహ్నానికి పని ముగిసినా రాత్రి బస్సు వరకు ప్లాట్‌ఫాం బల్లల మీద కూర్చొని కాలక్షేపం చేసేవారు ఎందరో. ఆ ఐదారు గంటలు సద్వినియోగం చేసుకోదలచినవారికి గైడు వెంట ఉండే సాయంత్రపు యాత్ర చక్కని మార్గం. అయితే ఏది ముందు చూడాలి, ఏది వదులుకోవాలి, చెప్పేవారి మాటల్లో ఎంత నమ్మాలి అన్నవి తెలియకపోతే డబ్బు, సమయం రెండూ వృథా అవుతాయి.

యాత్ర ఎలా ఉంటుంది?

తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ నగర దర్శనానికి బస్సులు నడుపుతోంది. ఆర్టీసీ కూడా 2022 అక్టోబరులో వారాంతాల్లో ‘హైదరాబాద్ దర్శిని’ పేరిట ప్రత్యేక బస్సులు ప్రారంభించింది. ఇవి కాక ప్రైవేటు నిర్వాహకులు, పాతబస్తీలో కాలినడకన తిప్పి చూపించేవారు ఉన్నారు. యాత్రలో చేర్చే ప్రదేశాలు, ఛార్జీలు, బయలుదేరే చోటు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. కనుక వెళ్లే రోజుకు ముందే విచారించుకోవడం ఉత్తమం. ప్రధానంగా మూడు విషయాలు అడగాలి. ప్రవేశ టికెట్లు ఛార్జీలో కలిసి ఉన్నాయా? గైడు తెలుగులో చెబుతారా? యాత్ర చివర ఎక్కడ దించుతారు? ఈ మూడో ప్రశ్నను చాలామంది మరచిపోయి రాత్రివేళ ఇబ్బంది పడుతుంటారు.

సాయంత్రపు యాత్రకు పెద్ద అడ్డంకి తలుపులు మూసే వేళలే. చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం సాయంత్రం 5 గంటల ప్రాంతంలో మూతపడతాయి. ఈ రెండింటికీ శుక్రవారం సెలవు. చార్మినార్ పైకి ఎక్కేందుకు కూడా పగటి వేళలోనే అనుమతి ఉంటుంది. దీపాలు వెలిగాక బయటి నుంచి చూడడమే. అందువల్ల లోపలికి వెళ్లి చూడాల్సినవి ముందు, వెలుపలి నుంచి చూడాల్సినవి తరువాత అన్న క్రమం పాటించాలి.

మూసీ ఒడ్డున మొదలు

మహాత్మా గాంధీ బస్‌స్టేషన్ నుంచి పాతబస్తీకి వెళ్లాలంటే మూసీ దాటాల్సిందే. నయాపూల్ వంతెనకు ఒకవైపు ఉస్మానియా ఆసుపత్రి, అవతలి ఒడ్డున హైకోర్టు భవనం కనిపిస్తాయి. ఈ రెండు భవనాలకూ మూసీ వరదకూ సంబంధం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. ఆనాడు అఫ్జల్‌గంజ్ ప్రాంతంలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికీ ఉంది. రోగుల వెంట వచ్చి దాని చుట్టుపక్కల సేదదీరే జిల్లా ప్రజల్లో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

ఆ వరద తరువాతే ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించారు. నదీ తీరాన కొత్త భవనాలు వెలిశాయి. 1920లో హైకోర్టు భవనం, ఆపై ఉస్మానియా ఆసుపత్రి అలా వచ్చినవే. వంతెన మీద బస్సు కొద్దిసేపు నెమ్మదించినా చాలు, తెలిసిన గైడు ఇంత కథ చెప్పగలరు. తెలియనివారు వేలు చూపి పేరు చెప్పి ఊరుకుంటారు.

చార్మినార్: కథలు, చరిత్ర

చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించారు. గోల్కొండ కోటలో జనం పెరిగి, నీటికి ఇబ్బంది ఏర్పడడంతో మూసీకి దక్షిణాన కొత్త నగరం నిర్మించారు. నగర రూపకల్పనలో ప్రధానమంత్రి మీర్ మోమిన్ అస్త్రాబాదీ పాత్ర ఉంది. నాలుగు దిక్కులకూ నాలుగు రహదారులు, వాటి కూడలిలో చార్మినార్ అన్నది ఆనాటి ప్రణాళిక. పై అంతస్తులో మసీదు ఉంది. నాలుగు వైపులా కనిపించే గడియారాలు మాత్రం తరువాతివి. వాటిని 1889లో అమర్చారు.

ఇక్కడే గైడు సామర్థ్యం తేలిపోతుంది. ప్లేగు వ్యాధి తగ్గినందుకు గుర్తుగా చార్మినార్ కట్టారని అందరూ చెబుతారు. హిజ్రీ శకం వెయ్యో ఏడాదిని పురస్కరించుకొని కట్టారన్న అభిప్రాయం కూడా చరిత్రకారుల్లో ఉంది. భాగమతి పేరు మీద భాగ్యనగరం వెలసిందన్న కథ జనంలో బాగా నాటుకుపోయింది. కానీ ఆమె నిజంగా ఉన్నదా అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందన్న మాట తరతరాలుగా వినిపిస్తోంది. అది వాడుకలో ఉన్న మాటే తప్ప రుజువైన విషయం కాదు. ఏది చరిత్రో, ఏది జనశ్రుతో విడదీసి చెప్పే గైడు దొరికితే యాత్ర ఫలించినట్లే.

పక్కనే ఉన్న మక్కా మసీదు నిర్మాణం కుతుబ్‌షాహీల కాలంలో మొదలై 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయింది. పడమటి దిక్కున లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణాలు వరుసగా ఉంటాయి. కరిగించిన లక్కను గాజుగా మలచి, వేడి ఆరకముందే రాళ్లు, అద్దం ముక్కలు ఒక్కొక్కటిగా అద్దుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. దీపాల వెలుగులో ఈ వీధి చూడముచ్చటగా ఉంటుంది. ధర మాత్రం బేరమాడి నిర్ణయించుకోవాలి.

చార్మినార్ చుట్టూ వాహనాలపై ఆంక్షలు ఉన్నాయి. పెద్ద బస్సులు కట్టడం దగ్గరకు వెళ్లవు. కొంతదూరం నడక తప్పదు. మోకాళ్ల నొప్పులున్న వృద్ధులను తీసుకువెళ్లేవారు ఈ విషయం దృష్టిలో ఉంచుకోవాలి. రంజాన్ నెల రాత్రుల్లో ఇక్కడ రద్దీ విపరీతంగా ఉంటుంది. ఆ సందడే చూడాలనుకునేవారికి అదే అనువైన కాలం. పిల్లలతో వెళ్లేవారు మాత్రం జాగ్రత్త వహించాలి.

గోల్కొండ: వెలుగులో వినిపించే కథ

సాయంత్రపు యాత్రకు తలమానికం గోల్కొండలో జరిగే ధ్వని, కాంతి ప్రదర్శన. 1993లో ఇది మొదలైంది. 2024 జనవరిలో కోట గోడల మీదే దృశ్యాలు కదలాడేలా నూతన సాంకేతికతతో దీనిని తీర్చిదిద్దారు. ఏ రోజు ఏ భాషలో ప్రదర్శన ఉంటుందో ముందే కనుక్కోవాలి. ఆరుబయట జరిగేది కావడంతో వర్షం కురిస్తే ఆగిపోయే అవకాశం ఉంది. చార్మినార్ నుంచి గోల్కొండ సుమారు 10 కిలోమీటర్లు. సాయంత్రం రద్దీలో గంట కూడా పట్టవచ్చు. అందుకే పాతబస్తీలో దీపాలు వెలిగేదాకా నిలబడితే తొలి ప్రదర్శన దాటిపోతుంది.

కాకతీయుల కాలంలో మట్టికోటగా ఉన్న గోల్కొండ తరువాత బహమనీల చేతికి వచ్చింది. 1518లో సుల్తాన్ కులీ ఇక్కడ కుతుబ్‌షాహీ రాజ్యానికి పునాది వేశారు. ఈ వంశంలోని ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చారు. అచ్చతెలుగు కావ్యంగా పేరొందిన పొన్నెగంటి తెలగనార్యుని యయాతి చరిత్ర ఆ రాజ్యంలోని అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితమైంది. గోల్కొండ అంటే పరాయి రాజుల కోట అని భావించేవారికి ఇవి తెలియజెప్పాల్సిన విషయాలు.

కోట ముఖద్వారం కింద చప్పట్లు కొడితే కొండ శిఖరాన ఉన్న బారాదరిలో వినిపిస్తుంది. శత్రువు వచ్చిన వార్త క్షణాల్లో పైకి చేరేందుకు చేసిన ఏర్పాటుగా దీనిని వివరిస్తారు. వజ్రాల విషయంలోనూ ఒక అపోహ ఉంది. గోల్కొండలో వజ్రాల గనులు లేవు. ఇది వజ్రాల విపణి. గనులు కృష్ణాతీరంలోని కొల్లూరు, పరిటాల వంటి చోట్ల ఉండేవి. కోహినూరు కొల్లూరులోనే దొరికిందని విశ్వసిస్తారు.

భద్రాచలం రామాలయాన్ని కట్టించిన కంచర్ల గోపన్నను బంధించిన చెరసాలగా చూపించే గది కూడా ఈ కోటలోనే ఉంది. గోడపై ఉన్న రామ, లక్ష్మణ, ఆంజనేయ రూపాలను ఆయనే చెక్కారని భక్తుల నమ్మకం. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉంటూ వసూలైన సొమ్ముతో గుడి కట్టించారన్న అభియోగంపై ఆయనను ఖైదు చేసినట్లు ప్రతీతి. ఈ చెరసాల చూడాలంటే పగటి వెలుగు ఉండగానే చేరుకోవాలి. ప్రదర్శన టికెట్‌తో రాత్రివేళ కోటంతా తిరగనివ్వరు. ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల భక్తులు రామదాసు చెరసాల చూడాలనుకుంటే చౌమహల్లాను విడిచిపెట్టి నాలుగు గంటలకే గోల్కొండ చేరడం మేలు. చెరసాల చూసి, ఆపై అక్కడే ప్రదర్శన తిలకించవచ్చు.

1687లో సుమారు ఎనిమిది నెలల ముట్టడి అనంతరం కోట ఔరంగజేబు వశమైంది. ఫిరంగులకు లొంగని ద్వారం లోపలివారి ద్రోహంతో తెరుచుకుంది. ఆఖరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషాను దౌలతాబాద్ కోటలో బందీగా ఉంచారు. ఆయన అక్కడే కన్నుమూశారు.

హుసేన్‌సాగర్ దీపాలు

చాలా యాత్రలు హుసేన్‌సాగర్ వద్ద ముగుస్తాయి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 16వ శతాబ్దిలో తవ్వించిన చెరువు ఇది. నడుమ నిలిచిన బుద్ధ విగ్రహం జిల్లాల నుంచి వచ్చినదే. నాటి నల్గొండ, నేటి యాదాద్రి భువనగిరి జిల్లా రాయగిరి వద్ద ఏకశిల నుంచి దీనిని మలిచారు. ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పటి సంకల్పమిది. గణపతి స్థపతి ఆధ్వర్యంలో శిల్పులు చెక్కారు. 1990 మార్చి 10న నీటి మీదుగా తరలిస్తుండగా పడవతో సహా విగ్రహం సాగర్‌లో మునిగిపోయింది. పలువురు మృత్యువాత పడ్డారు. రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉన్న విగ్రహాన్ని వెలికితీసి 1992 డిసెంబరు 1న ప్రతిష్ఠించారు. పడవలో దగ్గరకు వెళ్లేవారికి గైడు ఈ కథ చెప్పకపోతే అది దీపాల మధ్య నిలిచిన ఒక పెద్ద రాయిగానే మిగులుతుంది.

పడవలు బయలుదేరే లుంబినీ పార్కులో 2007 ఆగస్టు 25న బాంబు పేలింది. అదే సాయంత్రం కోఠిలోని గోకుల్ చాట్ వద్ద మరో పేలుడు సంభవించింది. రెండు చోట్లా కలిపి 40 మందికి పైగా అసువులు బాశారు. వారిలో విహారయాత్రకు వచ్చిన మహారాష్ట్ర విద్యార్థులు కూడా ఉన్నారు. ద్వారం వద్ద సంచులు తనిఖీ చేస్తే విసుక్కోకుండా సహకరించడం ప్రతి సందర్శకుని బాధ్యత.

సాగర తీరాన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు. అదే నెల 30న కొత్త సచివాలయం ప్రారంభమైంది. ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు బారులు తీరి ఉంటాయి. సమయముంటే 1976లో ప్రారంభమైన బిర్లా మందిరానికి వెళ్లవచ్చు. తెల్లని పాలరాతి గుడి నుంచి సాగర్ దీపాలు కనువిందు చేస్తాయి. సెల్‌ఫోన్లు, కెమెరాలు గుడిలోకి అనుమతించరు. వినాయక నిమజ్జనం రోజుల్లో ఈ ప్రాంతమంతా వాహనాలు నిలిపివేస్తారు. ఆ రోజుల్లో యాత్ర పెట్టుకోకపోవడమే మంచిది.

గైడును ఎంచుకోవడం

కట్టడాల వద్ద చుట్టుముట్టేవారంతా గైడులు కారు. గుర్తింపు కార్డు చూపమని అడగడంలో తప్పు లేదు. ఎంతసేపు తిప్పుతారు, ఎంత తీసుకుంటారు అన్నది ముందే ఖరారు చేసుకోవాలి. నలుగురైదుగురు కలిసి ఒక గైడును పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది. చూపించడం పూర్తికాకుండానే ముత్యాలు, చీరల దుకాణాలకు దారి తీస్తే కొనడం, కొనకపోవడం సందర్శకుల ఇష్టమేనని గుర్తుంచుకోవాలి. యాత్ర బస్సు దుకాణం వద్ద ఆగితే ‘ఇంకెన్ని ప్రదేశాలు చూపాలి’ అని మర్యాదగా అడగవచ్చు.

తిరుగు ప్రయాణం

గోల్కొండ ప్రదర్శన, ట్యాంక్‌బండ్ రెండూ చూస్తే రాత్రి తొమ్మిది దాటుతుంది. నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ వైపు వెళ్లేవారు మహాత్మా గాంధీ బస్‌స్టేషన్‌కు, కరీంనగర్, సిద్దిపేట వైపు వెళ్లేవారు సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌కు చేరుకోవాలి. ఈ రెండింటికీ మెట్రో రైలు ఉంది. చివరి రైలు వేళ తెలుసుకొని ఉండాలి. రాత్రి బస్సుకు, యాత్ర ముగిసే వేళకు మధ్య కనీసం గంటన్నర వ్యవధి ఉండేలా రిజర్వేషన్ చేయించుకుంటే ఆందోళన ఉండదు. సామాను బస్‌స్టేషన్‌లోని క్లోక్‌రూంలో భద్రపరచి, రోగుల రిపోర్టులు, సర్టిఫికెట్లు వంటి ముఖ్యమైన కాగితాలు మాత్రం దగ్గరే ఉంచుకోవాలి.

ఒకే సాయంత్రం అన్నీ చూడాలనుకుంటే బస్సు కిటికీలోంచి చూడడమే మిగులుతుంది. రెండు మూడు చోట్లు ఎంచుకొని, తెలిసినవారి నోట వాటి పూర్వాపరాలు వింటే చాలు. రాయగిరి రాయి, కొల్లూరు వజ్రం, భద్రాచలం గుడి ఈ నగర చరిత్రలో భాగమేనని జిల్లా ప్రజలు గ్రహిస్తారు. మరోమారు ఆసుపత్రికో, కోర్టుకో వెళ్లినప్పుడు ఆ వీధులు వారికి కొత్తగా తోచవు.