సముద్రగర్భమందలి యగ్ని



మన మెదకు సీమలో ఏడుపాయల యొద్ద మంజీర యేడు పాయలై చీలి గండశిలల నడుమ పాఱుచున్నది. శివరాత్రి జాతరకు బోయినవారు వనదుర్గామాత గుడిచెంత నా బండలపై గూర్చుండియే యుందురు. అమరసింహుడు భూమికి అచల, స్థిర యను పేర్లు చెప్పెను. నేనును బడిలో ఆ బండలనే నిదర్శనముగా జూపి, భూమి కదలనిదని బోధించితిని. ఆ పాఠము దిద్దుకొనవలసి యున్నది.

దిద్దుబాటునకు సాక్ష్యము అరేబియా సముద్రపు టడుగున దొరకినది. 1928–30 సంవత్సరములలో లోకము చుట్టివచ్చిన డెన్మార్కువారి ‘డానా’ యోడ యచట నొక పర్వతపంక్తిని గనుగొనెను. దానికి కార్ల్స్‌బర్గు పంక్తి యని పేరు. 1933–34 లో సీవెల్ దొర నాయకుడుగా ‘మబాహిస్’ అను ఈజిప్టు ఓడ పోయి, ఆ పంక్తి నడుమ లోతైన లోయ గలదని తెలిపెను. 1962 లో ‘ఓవెన్’ అను బ్రిటిషు ఓడ యచటి అయస్కాంతబలమును గొలిచెను. ఆ కొలతలను బట్టి 1963 లో కేంబ్రిడ్జి పండితులగు వైన్, మాథ్యూస్ అనువారు రహస్యమును విప్పిరి.

ఆ లోయకడ భూమిపొర రెండుగా విడిపోవుచున్నది. క్రిందనున్న వేడిరాయి పైకి వచ్చుకొలది దానిపై నొత్తిడి తగ్గి, కొంత కరగి, చీలికలగుండ వెలికుబుకును. చన్నీరు తగులగనే పైపొర గట్టిపడును. లోపలి ద్రవము దానిని జీల్చుకొనివచ్చి దిండ్లవలె కుప్పపడును. మీది నీటి బరువుచే పెద్ద ప్రేలుడు కలుగదు. చల్లారునపుడు ఆ రాయి నాటి భూమి యొక్క అయస్కాంతదిశను దనలో నిలుపుకొనును. ఆ దిశ యుగాంతరములలో తలక్రిందగుచుండును గనుక, పంక్తికిరువైపుల జంటజంటలుగా చారలేర్పడును. క్రొత్త నేల నడుమ బుట్టి యిరుప్రక్కలకు జరుగుచున్నదనుటకు ఆ చారలే గుఱుతు.

పూర్వపు మెదకు జిల్లాలోని జహీరాబాదు ప్రాంతపు నల్లరాళ్లు సుమారు 6.6 కోట్ల యేండ్ల నాటి లావా. అది పొంగిన కాలమునకు దాపుననే సేషెల్సు భూభాగము మన పశ్చిమతీరమును విడిచిపోయెను. ఆ యెడబాటున బుట్టినదే కార్ల్స్‌బర్గు పంక్తి.

ఇది మన పురాణములలోని బడబాగ్నియే యని కొందఱందురు. నేనంగీకరింపజాలను. ఆ కథ యర్థము వేఱు. ఈ సంగతి యోడలెక్కి, కొలిచి, లెక్కించి తెలిసికొన్నది. పరుల శ్రమను మన పేర వ్రాసికొనుట విద్య గాదు.

ఏడుపాయల బండల వయస్సు 250 కోట్ల యేండ్ల ప్రాంతము. అవి మన కంటికి నిలిచియే యున్నవి. వానిని మోయు దేశమో, ఏటికి సుమారు రెండంగుళములు ఈశాన్యమునకు నడచుచున్నది. నాయొద్ద ‘అచల’ పాఠము విన్నవారు మీలో నుందురు. ఈ దిద్దుబాటును మీ మనుమలకు జేర్పుడు.