దాతృత్వమా, వ్యవస్థాపనా? : సామాజిక వ్యవస్థాపకత పాఠం నుంచి తెలుగు ప్రచురణ చరిత్రలోకి

తెలుగు శాఖలో పరిశోధన చేసే విద్యార్థి ఇతర విభాగాల నుంచి ఒక ఐచ్ఛిక పాఠ్యాంశాన్ని ఎంచుకోవాలన్న నియమం మూలంగా ఒక సెమిస్టరు పాటు వాణిజ్య విభాగంలో ‘సామాజిక వ్యవస్థాపకత’ పాఠాలు వినవలసి వచ్చింది. సాహిత్య విద్యార్థికి అందులో పని ఏముంటుందన్న సందేహంతోనే ఆ తరగతిలో కూర్చున్నాను. బిల్ డ్రేటన్ 1980లో స్థాపించిన ‘అశోక’ సంస్థ ఈ భావనకు ప్రచారం కల్పించడం, గ్రెగరీ డీస్ 1998లో రాసిన వ్యాసంలో దానికి నిర్వచనం చెప్పే ప్రయత్నం చేయడం, బంగ్లాదేశ్‌లో మహమ్మద్ యూనస్ ప్రారంభించిన చిన్న రుణాల ప్రయోగం 1983లో గ్రామీణ బ్యాంకుగా రూపొందడం, 2006లో ఆ బ్యాంకుకూ ఆయనకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి రావడం మొదలైనవి పాఠ్యక్రమంలోని ముఖ్యాంశాలు. భారతదేశం నుంచి 1946 నాటి ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం ప్రస్తావన వచ్చింది. సమాజ ప్రయోజనాన్ని ప్రధాన లక్ష్యంగా పెట్టుకొని, తన ఖర్చుకు తగిన ఆదాయాన్ని తానే సమకూర్చుకొనే సంస్థను నిర్మించడం అన్నది స్థూలంగా ఆ పాఠాల సారం.

సెమిస్టరు చివర ప్రతి విద్యార్థీ తన రంగం నుంచి ఒక ఉదాహరణ ఇవ్వాలి. నేను కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు చెప్పాను. అమృతాంజనం అమ్మి పత్రిక నడిపారని, గ్రంథాలు అచ్చు వేశారని వివరించాను. అధ్యాపకులు శ్రద్ధగా విని, “మీరు చెప్పింది దానం గురించి కదా? వ్యాపారి తన లాభంలో కొంత మంచి పనికి ఇచ్చాడు. ఇందులో వ్యవస్థ ఎక్కడుంది?” అని అడిగారు. ఆనాడు సమాధానం చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నను తెలుగు ప్రచురణ చరిత్ర వైపు తిప్పి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి చిక్కు మాటలోనే ఉంది. ‘వ్యవస్థాపకుడు’ అంటే మన వాడుకలో ఒక సంస్థను నెలకొల్పినవాడు. నష్టభయాన్ని నెత్తిన వేసుకొని కొత్త ఉత్పత్తినో కొత్త పద్ధతినో నిలబెట్టేవాడన్న అర్థం ఆ మాటకు ఇటీవలిది. ‘పారిశ్రామికవేత్త’ అంటే కర్మాగారం కళ్ల ముందు నిలుస్తుంది. ‘వర్తకుడు’ అంటే అంగడి. వీటికి భిన్నంగా ‘దాత’, ‘వదాన్యుడు’, ‘పోషకుడు’ అన్న మాటలకు మన సాహిత్యంలో దీర్ఘమైన చరిత్ర ఉంది. కావ్యానికి వ్యయం భరించినవాడు కృతిభర్త. అతడు ఇచ్చేది ధనం, పొందేది కీర్తి. అచ్చుయంత్రం వచ్చిన తర్వాత ఈ సంబంధం మౌలికంగా మారింది. గ్రంథానికి అయ్యే ఖర్చును ఒక్క ప్రభువు గాక, ఎక్కడెక్కడో ఉన్న వందలాది కొనుగోలుదారులు పంచుకోవలసి వచ్చింది. మారిన ఈ స్థితికి మన చరిత్రకారులు కొత్త పరిభాషను తయారుచేసుకోలేదు. నాగేశ్వరరావుగారికి దక్కిన ‘దేశోద్ధారక’, ‘విశ్వదాత’ బిరుదులు గానీ, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇచ్చిన ‘కళాప్రపూర్ణ’ గానీ ఆయన వర్తకాన్ని సూచించవు. వాడుక భాష కోసం అంత వాదించుకున్న కాలం కూడా డబ్బు విషయానికి వచ్చేసరికి కృతిభర్తల కాలపు మాటలతోనే సరిపెట్టుకుంది.

కందుకూరి వీరేశలింగం కృషిలో ఈ రెండు కాలాలూ కలిసి కనిపిస్తాయి. 1874లో ‘వివేకవర్ధని’ ప్రారంభించి, తర్వాత సొంత ముద్రాక్షరశాల ఏర్పాటు చేసుకొన్నారాయన. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో జరిపించిన మొదటి వితంతు వివాహం నాటికి ఉద్యమానికి కావలసిన ధనం కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారి వంటివారి విరాళాల నుంచి వచ్చింది. చివరి దశలో తన ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసి ఇచ్చారు. పత్రిక, ముద్రణాలయం, విరాళం, ధర్మసంస్థ అన్నీ ఆయన చుట్టూ ఉన్నా వాటిని కలిపి నడిపే ఆర్థిక సూత్రం ఆయన వ్యక్తిత్వమే తప్ప మరొకటి కాదు.

విజ్ఞానచంద్రికా గ్రంథమండలి కథ వేరు. దీని పూర్వరంగం 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి ఇంట వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, సంస్థానాధిపతి నాయని వేంకట రంగారావు ఆ భాషానిలయానికి వెన్నుదన్నుగా నిలిచారు. 1906లో మండలి ఏర్పడినప్పుడు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావులతో పాటు గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు అందులో ప్రముఖులు. జమీందారీ ఆదరణ ఇక్కడా ఉంది. అయినా మండలి ఆశించింది ఆ ఆదరణను కాదు, చందాదారును. ఏ పుస్తకం వస్తుందో ముందుగా చెప్పి, వరుసగా కొనడానికి ఒప్పుకొన్న పాఠకుల బలం మీద తర్వాతి పుస్తకాన్ని అచ్చుకు పంపే గ్రంథమాల పద్ధతి అది. నాగపురంలో అక్కగారు భండారు అచ్చమాంబ ఇంట ఉండి చదువుకొన్న లక్ష్మణరావుకు మరాఠీ పత్రికలతో, గ్రంథప్రచురణతో గాఢమైన పరిచయం ఉంది; మరాఠీలో ఆయన స్వయంగా రచయిత. ఆ ఆలోచన ఆయనకు ఆ పరిసరాల నుంచే వచ్చి ఉంటుందని భావించడం అసమంజసం కాదు.

మండలి తొలి ప్రచురణ గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఆలోచిస్తే ఇది సాహసమే. నాటకానికీ, శతకానికీ, పంచాంగానికీ కొనుగోలుదారులు ఉన్న విపణిలో ఒక అమెరికా అధ్యక్షుని జీవితాన్ని తెలుగు వచనంలో అమ్మచూపడం అంటే, ఇంకా పుట్టని పాఠకుణ్ణి నమ్ముకోవడం. తర్వాత చరిత్ర గ్రంథాలు, ప్రకృతి శాస్త్ర గ్రంథాలు, ఆరోగ్యవిషయక రచనలు వెలువడ్డాయి. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం 1910లో ఈ మాలలోనే వచ్చింది. నవలల పోటీలు పెట్టి బహుమతులిచ్చిన సంగతి సాహిత్య చరిత్రలన్నీ ప్రస్తావిస్తాయి. అయితే వాటిని నవలా వికాసం శీర్షిక కిందనే చెబుతాయి. శాస్త్ర గ్రంథాన్ని కొనని పాఠకుడు నవల కొంటాడు. చారిత్రక నవల మీద పుట్టిన ఆసక్తి అతణ్ణి చరిత్ర గ్రంథం దాకా నడిపిస్తుంది. అమ్ముడుపోయే పుస్తకం అమ్ముడుపోని పుస్తకానికి చేయూతనిచ్చే ఈ ఏర్పాటును నేను వాణిజ్య విభాగం తరగతిలో వేరే పేరుతో విన్నాను. తెలుగు వచనం శాస్త్రాన్ని చెప్పగలిగే సామర్థ్యాన్ని సంపాదించడంలో లక్ష్మణరావు పాండిత్యానికి ఎంత భాగం ఉందో, నెలనెలా డబ్బు పంపిన అజ్ఞాత చందాదారునికీ అంత భాగం ఉందని నా అభిప్రాయం. పండితుని పేరు చరిత్రకెక్కింది. చందాదారు లెక్కల పుస్తకంలో ఉండిపోయాడు.

ఈ పద్ధతికి ఉన్న పరిమితి కూడా లక్ష్మణరావు జీవితంలోనే బయటపడింది. మండలి కార్యస్థానం మద్రాసుకు మారిన తర్వాత ఆయన ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ తలపెట్టారు. చిన్న పుస్తకం తన ఖర్చును కొద్ది నెలల్లో రాబట్టుకోగలదు. సర్వస్వం అలా కాదు. సంవత్సరాల తరబడి పండితులతో రాయించాలి, పటాలు చెక్కించాలి, అన్నీ పూర్తయితే గాని కొన్నవాడికి పూర్తి ప్రయోజనం లేదు. మూడు సంపుటాలు వెలువడిన తర్వాత పని కుంటుపడింది. 1923 జులైలో లక్ష్మణరావు మరణించారు. చందా మీద నిలిచే వ్యవస్థకు దీర్ఘకాలిక వ్యయాన్ని మోసే మూలధనం లేదు. ఆ మూలధనం ఉన్నవారు నాగేశ్వరరావుగారు. 1930లలో ఆ సర్వస్వాన్ని మళ్లీ చేపట్టి సంపుటాలు వెలువరించినది ఆయనే. తెలుగు ప్రచురణ చరిత్రలో రెండు ఆర్థిక పద్ధతులు ఒకే గ్రంథం మీద ఎదురుపడిన సందర్భం నాకు తెలిసి ఇదే.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన నాగేశ్వరరావు 1893లో అక్కడ అమృతాంజనం తయారీ ప్రారంభించారు. కొత్తలో సంగీత సభల్లో ఉచితంగా పంచి దానిని జనానికి అలవాటు చేశారని చెబుతారు. 1908లో వారపత్రికగా ‘ఆంధ్రపత్రిక’ పుట్టింది కూడా బొంబాయిలోనే. తెలుగు కూలీలు, మేస్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్న నగరం అది. అయినా పత్రిక ప్రధానంగా చేరవలసినవారు రైలు ప్రయాణానికి అవతల ఉన్నారు. 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రికగా మారిన నాలుగు నెలలకే ఐరోపాలో యుద్ధం మొదలైంది. యుద్ధవార్తల కోసం పాఠకులు పెరగడం, కాగితం ప్రియం కావడం రెండూ ఒకేసారి ఎదుర్కోవలసిన స్థితి. 1924 జనవరిలో ‘భారతి’, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి పీఠికతో వచ్చిన ‘బసవపురాణం’ ఆ మాలలోనిదే. శివకవుల ద్విపద సాహిత్యం మీద ఈనాడు మన శాఖల్లో జరిగే పరిశోధన ఎంతవరకు ఒక తలనొప్పి మందుకు ఋణపడి ఉందో ఎవరూ లెక్కకట్టలేదు. ఈ మాట పరిహాసం కోసం అన్నది కాదు.

అధ్యాపకులు అడిగిన ప్రశ్నకు ఇక్కడ సమాధానం వెతకవచ్చు. అమృతాంజనం లాభాలు పత్రికకూ గ్రంథమాలకూ ఊతమయ్యాయన్నది లోకవిదితం. కానీ ప్రవాహం ఒకే దిశలో సాగలేదు. అమృతాంజనం ప్రకటనలు ఆ పత్రికల పుటల్లోనే ఇంటింటికీ వెళ్లాయి. పత్రిక మీది గౌరవం ఆ పసుపు సీసా మీదికి కూడా ప్రసరించింది. స్వదేశీ భావం ప్రబలిన రోజుల్లో ఆ గౌరవానికి వర్తక విలువ ఉంది. దానమైతే ఇచ్చినవానికి తిరిగి రావలసింది కీర్తి ఒక్కటే. ఇక్కడ వర్తకం పత్రికను పోషించింది, పత్రిక వర్తకానికి విపణిని సమకూర్చింది. దీనిని చెప్పడం వల్ల పంతులుగారి ఔదార్యానికి లోటు కలగదు. దానిని ‘దాతృత్వం’ అన్న ఒక్క మాటతో ముగిస్తే మాత్రం ఆయన చేసిన పనిలో సగం కనబడకుండా పోతుంది. లాభాన్ని పంచిపెట్టడం కంటే లాభానికీ లోకహితానికీ మధ్య రెండువైపులా సాగే మార్గాన్ని వేయడం కష్టం. ఆయన రెండవది చేశారు.

అయితే అధ్యాపకుల అభ్యంతరంలో కొట్టివేయరాని అంశం ఒకటి మిగిలే ఉంది. ఆ మార్గం ఎవరి అధీనంలో ఉంది? ఈ ప్రశ్న పుస్తక పాండిత్యానికి సంబంధించినది కాదని తెలుగునాటికి అనుభవంలో తెలుసు. చిన్న రుణాల ద్వారా పేద మహిళలకు మేలు చేస్తామని బయలుదేరిన సంస్థలు పెట్టుబడిదారుల లాభాపేక్షకు లోబడ్డాయన్న విమర్శ, బలవంతపు వసూళ్ల ఆరోపణలు, ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అత్యవసరాదేశం తేవలసి వచ్చింది. లక్ష్యం సామాజికమని చెప్పుకొన్నంత మాత్రాన ఆదాయ మార్గం దానికి కట్టుబడి ఉండదు. వాటాదారు ఒక వైపు, రుణగ్రహీత ఒక వైపు ఉన్నప్పుడు నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు విషయం. సభ్యులే యజమానులైన 1956 నాటి ములుకనూరు సహకార గ్రామీణ బ్యాంకును దీని పక్కన పెట్టి చూస్తే భేదం స్పష్టమవుతుంది.

ఇదే కొలమానంతో మన ప్రచురణ సంస్థలను చూడవచ్చు. అమృతాంజనం 1936లో పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. 1938 ఏప్రిల్‌లో నాగేశ్వరరావుగారు మరణించారు. అల్లుడు శివలెంక శంభుప్రసాద్ అటు కంపెనీనీ ఇటు పత్రికలనూ నడిపినంతకాలం రెండింటి మధ్య బంధం నిలిచింది. ఆ బంధం కుటుంబానిది. కంపెనీ నియమావళిలో ఉండే బంధం కాదు. ‘ఆంధ్రపత్రిక’, ‘భారతి’ 1990ల ఆరంభానికి మూతపడ్డాయి. పసుపు సీసా మాత్రం ఇప్పటికీ ప్రతి కిరాణా కొట్టులోనూ దొరుకుతుంది. పత్రికల పతనానికి కొత్త దినపత్రికల పోటీ, ముద్రణ వ్యయం వంటి కారణాలు చాలా ఉన్నాయి, వాటిని కాదనను. కానీ ఆసరాగా పెట్టిన వర్తకం నిలిచి, ఆ ఆసరా ఎవరికోసమో ఆ పత్రికలు పోవడం యాదృచ్ఛికమని నేను అనుకోలేను. దీనికి ఎదురుగా, ఆ పత్రికలకంటే ముందు పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్ బజారులో ఈనాటికీ ఉంది. దానికి పెద్ద వర్తకం ఏదీ అండగా లేదు, సభ్యులున్నారు.

ఈ విషయమై చదువుతూ ఒక గ్రంథాలయంలో ‘భారతి’ పాత సంపుటాలు తీయించాను. ఆరు నెలల సంచికలను కలిపి గట్టి అట్టతో కుట్టించారు. వ్యాసాలన్నీ భద్రంగా ఉన్నాయి. సంచికల పై అట్టలు, లోపలి ప్రకటనల కాగితాలు, చందా వివరాలున్న పుటలు బైండు చేసేటప్పుడు తీసివేశారు. ఆ సంపుటాలను స్కాన్ చేసినప్పుడు సహజంగానే అవి అందులోకి రాలేదు. పుటసంఖ్యలు లేని కాగితాలు కనుక పోయాయని పట్టికలో కూడా నమోదు కాలేదు. ప్రకటన రేటు ఎంత, విడి సంచిక వెల ఎంత, విదేశాల చందా ఎంత, ఏ ఊళ్లో ఏజెంటు ఎవరు అన్నవి ఆ కాగితాల మీద ఉండే సంగతులు. కుట్టించని విడి సంచికలు పాత పుస్తకాల అంగళ్లలోనూ, కొందరి ఇళ్లలోని ట్రంకుపెట్టెల్లోనూ ఇంకా దొరుకుతున్నాయి. నా చేతికి ఇంతవరకు పదకొండు వచ్చాయి.