అనామక కళ ఎవరికి అనామకం?

ఆదిమ కళ మీద వచ్చిన చిత్రసంపుటాలు తిరగేస్తుంటే సెపిక్ నదీతీరపు కొయ్యముఖం ఒకటి తరచు ఎదురవుతుంది. కింద 'ఇయాత్ముల్ మాస్కు, న్యూగినీ' అని మాత్రమే ఉంటుంది. పేరు లేకపోవడమే సామూహిక కళ లక్షణమని నేనూ చాలాకాలం పొగిడాను. అది పొరపాటు.

ఇయాత్ముల్ ప్రజలకు పేరే పెద్ద ఆస్తి. పూర్వికుల పేర్ల మీద హక్కు ఏ వంశానిదని పురుషుల సభాగృహాల్లో తీవ్రంగా వాదించుకునేవారు. వారిలో పండితుడైనవాడు 10 వేల నుంచి 20 వేల పేర్లు గుర్తుంచుకుంటాడని గ్రెగరీ బేట్సన్ 1936 నాటి 'నావెన్' గ్రంథంలో రాశాడు. పొడవాటి ముక్కుతో, మట్టి మెత్తి గవ్వలు పొదిగిన 'మాయ్' మాస్కులు ఆ పూర్వికులైన అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ రూపాలు. అవి పేరున్న ముఖాలు.

మరి ఆ పేరు ఎక్కడ ఊడిపోయింది? 1884లో ఈశాన్య న్యూగినీని ఆక్రమించిన జర్మన్లు నదికే తమ మహారాణి అగస్టా పేరు పెట్టారు. 1912-13లో బెర్లిన్ నుంచి వచ్చిన పరిశోధక బృందం వేలాది వస్తువులను తరలించింది. కొయ్య ఓడెక్కింది, దాని కథ చాలావరకు ఒడ్డునే మిగిలింది.

అలాగని ఆ సమాజాన్ని స్వర్గంగా చిత్రించనక్కరలేదు. సభాగృహంలోకి స్త్రీలకు ప్రవేశం లేదు. అక్కచెల్లెళ్ల ముఖాలు ధరించి ఆడేదీ మగవాళ్లే. ఈ వైరుధ్యాన్ని దాచిపెట్టేది చరిత్ర కాదు.

1975లో పాపువా న్యూగినీ స్వతంత్రమైంది. సెపిక్ శిల్పులు నేటికీ కొయ్య చెక్కుతున్నారు, యాత్రికులకు అమ్ముతున్నారు. 'అనామక కళ' అని రాసేముందు ఆ పేరు తెలియనిది ఎవరికో అడగడం విమర్శకుడి కనీస బాధ్యత.